డిస్నీ పార్కుల్లో పిన్ ట్రేడింగ్: ఏం కొనాలి, ఎలా మార్చుకోవాలి, నకిలీని ఎలా పట్టుకోవాలి

డిస్నీ పార్కులో కాసేపు తిరిగితే చాలు, మెడలో వేలాడే పట్టీ నిండా రంగురంగుల చిన్న పిన్నులు గుచ్చుకున్న మనుషులు కనిపిస్తారు. అక్కడ పనిచేసేవాళ్లూ ఉంటారు, మనలాగా చూడటానికి వచ్చినవాళ్లూ ఉంటారు. అవి అలంకారం కోసమే అనుకుని చాలామంది పక్కనుంచి వెళ్లిపోతారు. నిజానికి అవి మార్చుకోవడానికి పెట్టుకున్నవి. మీ దగ్గరున్న పిన్ ఒకటి ఇచ్చి, వాళ్ల దగ్గర మీకు నచ్చింది ఒకటి తీసుకోవచ్చు. డబ్బుతో పని లేదు.

ఇది 1999 అక్టోబరులో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, మిలీనియం వేడుకల్లో భాగంగా మొదలైంది. ఆలోచన మాత్రం డిస్నీది కాదు, ఒలింపిక్స్ నుంచి వచ్చింది. ఒలింపిక్స్‌లో క్రీడాకారులు, అధికారులు, ప్రేక్షకులు పిన్నులు మార్చుకోవడం పాత అలవాటే. 1988 కాల్గరీ వింటర్ ఒలింపిక్స్‌లో కోకా-కోలా దానికోసం ఏకంగా ఒక సెంటరే పెట్టింది. మిలీనియం వేడుకలు అయిపోగానే ఆగిపోవాల్సిన ఈ సరదాని జనం వదల్లేదు. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కి, ఆ తర్వాత పారిస్, హాంకాంగ్, షాంఘై పార్కులకీ అది పాకింది. టోక్యో డిస్నీలో మాత్రం ఈ మార్పిడి లేదు. జపాన్ వెళ్తూ బ్యాగులో పిన్నులు సర్దుకుంటే అవి అలాగే తిరిగొస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే సలహా ఒకటుంది: ఆన్‌లైన్‌లో వంద పిన్నుల సంచి చౌకగా కొనుక్కెళ్లి పార్కులో మార్చేసుకోండి, అని. ఆ పని చేయొద్దు. ఎందుకో కింద వివరంగా చెప్తాను. ఈ సరదాని పాడుచేస్తున్నది ముఖ్యంగా ఆ సంచులే.

ముందుగా, ఏది మీదో తేల్చుకోండి

పార్కులోకి అడుగుపెట్టాక ఆలోచిద్దాం అనుకుంటే ఆలస్యం అయిపోతుంది. షాపులో గోడ నిండా పిన్నులుంటాయి, కనిపించినదల్లా నచ్చుతుంది. సాయంత్రానికి బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. అందుకే ఇంటి దగ్గరే ఒక గీత గీసుకోండి. ఒకే క్యారెక్టర్‌ని పట్టుకోవచ్చు. స్టిచ్‌ని ("లిలో అండ్ స్టిచ్" సినిమాలోని నీలం రంగు గ్రహాంతర జీవి) వెతికేవాళ్లు ఎంతమందో లెక్కలేదు, కాబట్టి పోటీ కూడా ఎక్కువే. ఒకే రైడ్‌ని తీసుకోవచ్చు: హాంటెడ్ మాన్షన్ పిన్నులు మాత్రమే పోగేసేవాళ్లు ఉన్నారు. కాఫీ కప్పులు, బెలూన్లు, పిల్లులు లాంటి ఏదో ఒక వస్తువు బొమ్మ ఉన్నవే తీసుకోవడం ఇంకో దారి. నా ఓటు దీనికే. ఇలాంటివాటి కోసం ఎవరూ కొట్టుకోరు, వెతకడంలోనే సగం సరదా ఉంటుంది.

గీత గీసుకున్నాక మీ పిన్నులు రెండు కుప్పలవుతాయి. ఒకటి ఎప్పటికీ ఇవ్వనివి, రెండోది మార్చడానికి తెచ్చుకున్నవి. ఈ రెండూ ఒకే పట్టీ మీద ఎప్పుడూ ఉండకూడదు. పట్టీ మీద కనిపించిన పిన్‌ని ఎవరైనా అడుగుతారు. ముఖ్యంగా పిల్లలు అడిగితే కాదనడం కష్టం. ఇవ్వలేనివి హోటల్ గదిలోనో బ్యాగు అడుగునో ఉండనివ్వండి.

సరుకు ఎక్కడ కొనాలి

మార్పిడికి కావాల్సింది అసలైన, కానీ ఖరీదు తక్కువైన పిన్. పార్కు షాపుల్లో విడి పిన్ మామూలుగా 10 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. అలాంటివి కొని మార్చుకుంటూ పోతే జేబుకి చిల్లే. దీనికి మెరుగైన దారి బూస్టర్ ప్యాక్. ఒక ప్యాకెట్లో నాలుగైదు చిన్న పిన్నులు కలిపి అమ్ముతారు, ఒక్కో పిన్‌కి పడే ధర బాగా తగ్గుతుంది. మెడపట్టీ, నాలుగు పిన్నులు కలిసి వచ్చే స్టార్టర్ సెట్లు కూడా ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి అవి సరిపోతాయి. మిస్టరీ బాక్సులు కూడా ఉంటాయి, లోపల ఏముందో కొన్నాకే తెలుస్తుంది. అవి తీసుకోవాలనిపిస్తే తీసుకోండి కానీ, మీ దగ్గరున్న పిన్నే మళ్లీ వచ్చినా బాధపడకూడదు. ఆ రెండోది మార్పిడి కుప్పలోకి వెళ్తుంది.

ఒర్లాండోలో కారు ఉంటే క్యారెక్టర్ వేర్‌హౌస్ అనే అవుట్‌లెట్ స్టోర్లకి ఒకసారి వెళ్లి రావచ్చు. పార్కుల్లో మిగిలిపోయిన అసలు సరుకు అక్కడ తగ్గింపు ధరకి వస్తుంది. పిన్నులు ఉంటాయా లేదా అన్నది ఆ రోజు అదృష్టం.

ఎన్ని కావాలి? కుటుంబంలో ట్రేడింగ్ చేసే ఒక్కొక్కరికి రోజుకి నాలుగైదు చాలు. రైడ్ల మధ్య దొరికే ఖాళీలో అంతకన్నా ఎక్కువ మార్చడం కుదరదు. కుదిరినా, ఏది ఎందుకు తీసుకున్నామో గుర్తుండదు.

వెనక్కి తిప్పి చూడటం నేర్చుకోండి

ఇప్పుడు ఆ చౌక సంచి సంగతి. ట్రేడర్ల మధ్య ఈ నకిలీలకి స్క్రాపర్లు అని పేరు. నాణ్యత పరీక్షలో పోయి పారేయాల్సినవి, ఆర్డర్‌కి మించి అచ్చుపోసినవి, అసలు పిన్ చూసి అచ్చు తీసి తయారుచేసినవి — అన్నీ ఈ పేరు కిందకే వస్తాయి. ఇవి సంచుల్లెక్కన ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతాయి. కొన్నవాళ్లు పార్కులో మార్చేస్తారు. మార్చినవి షాపుల్లో మార్పిడి కోసం పెట్టే బోర్డుల మీదికి చేరతాయి. చివరికి డబ్బు పెట్టి అసలు పిన్ కొన్న పిల్లాడు దాన్నిచ్చి ఒక నకిలీని ఇంటికి తెచ్చుకుంటాడు. కాస్ట్ మెంబర్లు, అంటే అక్కడి సిబ్బంది, ఒక్కో పిన్‌ని పరీక్షించరు. అది వాళ్ల పని కూడా కాదు. చూసుకోవాల్సింది మనమే.

ఒక పిన్‌ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ వంచండి. అసలు పిన్ మీద ఎనామెల్ రంగు సమంగా పరుచుకుని ఉంటుంది. నకిలీలో రంగు మధ్యలో గుంట పడి ఉంటుంది, లేదా ఒక గది రంగు గట్టు దాటి పక్క గదిలోకి జారి ఉంటుంది. మిక్కీ ముఖం రంగు కొంచెం పాలిపోయినట్టో, మరీ నారింజగానో కనిపిస్తే అనుమానించండి. వేలి కొసని అంచు వెంట నెమ్మదిగా తిప్పండి. గరుకుగా తగిలినా, గీసుకున్నా అది మంచి గుర్తు కాదు. బొమ్మ మధ్యలో ఖాళీ కత్తిరించిన చోట్లు ఉంటాయి చూడండి, చేతికీ ఒంటికీ మధ్య సందు లాంటివి. నకిలీ చేసేవాడు అక్కడ సానపట్టడానికి ఓపిక చేసుకోడు.

ఇక వెనక. డిస్నీ కాపీరైట్ గుర్తు తప్పకుండా ఉండాలి. చాలా పిన్నుల మీద పిన్ ట్రేడింగ్ లోగో, సంవత్సరం కూడా ఉంటాయి. అక్షరాలు చదవడానికి వీలుగా స్పష్టంగా ఉండాలి. పాకం కారినట్టు కలిసిపోయి ఉంటే అది అచ్చు మీద తీసిన అచ్చు. చాలా పిన్నుల వెనక చిన్న చిన్న మిక్కీ తలల డిజైన్ ఉంటుంది. అసలు వాటిలో ఆ డిజైన్ అంచు దాకా వెళ్లి అక్కడ తెగిపోతుంది. చాలా నకిలీల్లో డిజైన్ చుట్టూ సన్నటి గట్టు మిగిలి ఉంటుంది. గుచ్చే సూది పక్కన, పిన్ తిరగకుండా ఆపే చిన్న బుడిపెలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూడండి.

వీటిలో ఏ ఒక్క గుర్తు పట్టుకునీ తీర్పు చెప్పకండి. అసలు ఫ్యాక్టరీ పిన్నులకీ అప్పుడప్పుడు చిన్న లోపాలుంటాయి, బాగా చేసిన నకిలీలూ ఉంటాయి. మూడు నాలుగు గుర్తులు ఒకేసారి కనిపిస్తే మాత్రం వదిలేయండి. అన్నిటికన్నా తేలికైన పద్ధతి, షాపులో మీరే కొన్న పిన్ ఒకదాన్ని జేబులో ఉంచుకోవడం. అనుమానం ఉన్నదాన్ని ఇంకో చేతిలోకి తీసుకుంటే బరువులో తేడా వెంటనే తెలిసిపోతుంది. నకిలీలు చాలావరకు తేలిక.

కాస్ట్ మెంబర్‌తో మార్చుకోవడం

ఇక్కడ నియమాలు కొన్నే, కానీ గట్టివి. ఒక కాస్ట్ మెంబర్‌తో రోజుకి రెండు పిన్నులు మాత్రమే మార్చుకోవాలి, అదీ ఒకసారికి ఒకటి చొప్పున. మీరిచ్చేది లోహంతో చేసిన డిస్నీ పిన్ అయి ఉండాలి. అభిమానులు సొంతంగా చేయించుకునే ఫాంటసీ పిన్నులు, బ్రోచ్‌లు పనికిరావు. వెనక సూదికి బిళ్ల తొడిగి ఇవ్వాలి, లేకపోతే సూది గుచ్చుకుంటుంది. అదే పిన్ ఆయన పట్టీ మీద అప్పటికే ఉంటే తీసుకోరు. ఆయన పేరు రాసిన బ్యాడ్జీనీ, ఉద్యోగంలో ఇచ్చిన సర్వీస్ పిన్‌నీ అడగకూడదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆయన ఖాళీగా ఉన్నారో లేదో చూడండి. క్యూలో జనాన్ని రైడ్ ఎక్కిస్తున్న మనిషిని ఆపకండి. దగ్గరకెళ్లి "మీ పిన్నులు చూడొచ్చా?" అని అడగండి. పట్టీ కాస్త ముందుకు పట్టుకుని చూపిస్తారు. పట్టీని మీరు ముట్టుకోకూడదు, వేలితో చూపిస్తే ఆయనే తీసిస్తారు. నచ్చింది లేకపోతే థాంక్స్ చెప్పి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లలతో ఉన్నప్పుడు అడగడం వాళ్లకే వదిలేయండి. పెద్దవాళ్లం వెనక నిలబడి "అది కాదురా, పక్కది బాగుంది, అది తీసుకో" అంటూ ఉంటే ఆట మనదైపోతుంది. ఆరేళ్ల పాపకి మెరిసే యువరాణి పిన్ కావాలి. అది నకిలీ అని మీకు తెలిసినా సరే, ఒక్కోసారి తీసుకోనివ్వండి. ఆ పాప దాన్ని ఎవరికీ అంటగట్టదు కదా.

ఈ మార్పిడిలో గమ్మత్తు ఏంటంటే, విలువ లెక్క ఉండదు. ఒకటికి ఒకటే. బూస్టర్ ప్యాక్‌లోని చిన్న పిన్ ఇచ్చి, పట్టీ మీదున్న అరుదైనదాన్ని తీసుకున్నా కాదనరు. అందుకే బాగా తెలిసినవాళ్లు కాస్ట్ మెంబర్లకి లిమిటెడ్ ఎడిషన్ పిన్ (పరిమిత సంఖ్యలో మాత్రమే చేసినది) ఎప్పుడూ ఇవ్వరు.

హిడెన్ మిక్కీ పిన్నులు

వీటి గురించి విడిగా చెప్పుకోవాలి. 2002లో డిస్నీల్యాండ్‌లో కాస్ట్ లాన్యార్డ్ సిరీస్ పేరుతో మొదలయ్యాయి, తర్వాత హిడెన్ మిక్కీ అని పేరు మారింది. షాపులో అమ్మడానికి కాకుండా, కాస్ట్ మెంబర్ల మెడలోని పట్టీల ద్వారా జనంలోకి వదలడానికి చేసినవి ఇవి. బొమ్మలో ఎక్కడో ఒక మూల చిన్న మిక్కీ తల గుర్తు దాగి ఉంటుంది. సెట్లుగా వస్తాయి కాబట్టి ఐదింటిలో నాలుగు దొరికాక ఐదోదాని కోసం పార్కంతా గాలించడం మొదలవుతుంది. కొన్ని సెట్లకి చేజర్ అని రంగులు లేని వెండి రూపం కూడా ఉంటుంది. మొదట్లో ఈ సెట్లు మంచి గమ్యం. చిన్నవి, ఖర్చు లేదు, అడిగేకొద్దీ దొరుకుతాయి. ఒకటే ఇబ్బంది: నకిలీలు చేసేవాళ్లకీ ఇవే ఎక్కువ ఇష్టం. వెనక్కి తిప్పి చూడటం ఇక్కడ అస్సలు మర్చిపోకండి.

బోర్డులు

మెడపట్టీలతో పాటు షాపుల్లోనూ హోటళ్లలోనూ పిన్ బోర్డులు ఉంటాయి. నియమం అదే: రెండే, ఒకటికొకటి. కొన్నిచోట్ల బోర్డు కౌంటర్ వెనక ఉంటుంది, అడిగితేనే తీస్తారు. కాబట్టి పిన్నులు అమ్మే ప్రతి షాపులోనూ "బోర్డు ఉందా?" అని అడగడం అలవాటు చేసుకోండి. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పెద్ద ఎంపిక కావాలంటే డిస్నీ స్ప్రింగ్స్‌లోని పిన్ ట్రేడర్స్ షాపు ఉంది, అక్కడికి పార్కు టికెట్ కూడా అక్కర్లేదు. పారిస్‌లో ఫ్రాంటియర్‌ల్యాండ్‌లోని ప్యుబ్లో ట్రేడింగ్ పోస్ట్ పిన్నులకి పేరున్న చోటు.

పొద్దున్నే బోర్డు బాగుంటుందా, సాయంత్రమా అని చాలామంది అడుగుతారు. జవాబు లేదు. ఎవరో ఒకరు మంచి పిన్ వదిలిన ఐదు నిమిషాలకి మీరు వెళ్లాలి, అంతే.

తోటి సందర్శకులతో బేరం

ఇది వేరే ఆట. బెంచీ మీద పెద్ద బ్యాగు తెరిచి, గుడ్డ పేజీల నిండా పిన్నులు పరిచి కూర్చునేవాళ్లు ఉంటారు. డిస్నీల్యాండ్‌లో వీళ్లని ఫ్రాంటియర్‌ల్యాండ్‌లోని వెస్ట్‌వర్డ్ హో షాపు దగ్గర చూడొచ్చు. బ్యాగు ఎంత పెద్దదుండాలి, ఎంతసేపు కూర్చోవచ్చు లాంటి పరిమితులు పార్కు పెడుతూ, మారుస్తూ ఉంటుంది. వెళ్లేముందు తాజా నియమాలు ఒకసారి చూసుకోండి. పార్కు లోపల పిన్నుల కోసం డబ్బు చేతులు మారకూడదు అన్నది మాత్రం ఖచ్చితం.

ఇక్కడ ఒకటికొకటి అన్న లెక్క లేదు. ఒక లిమిటెడ్ ఎడిషన్‌కి మూడు మామూలువి అడగొచ్చు, మీరు రెండు అనొచ్చు. కొన్ని మాటలు తెలిసుండాలి. ఓపెన్ ఎడిషన్ అంటే అమ్ముడైనంతకాలం చేస్తూనే ఉంటారు. లిమిటెడ్ రిలీజ్ కొంతకాలమే అమ్ముతారు. లిమిటెడ్ ఎడిషన్‌కి లెక్క ఉంటుంది, మొత్తం ఎన్ని చేశారో వెనక ముద్రించి ఉంటుంది. ఆ అంకె చిన్నదైతే విలువ పెద్దది అనుకోవడం తొందరపాటు. ఎవరికీ పట్టని క్యారెక్టర్ పిన్ 300 మాత్రమే చేసినా అడిగేవాడు ఉండకపోవచ్చు. అందరూ ఎగబడే స్టిచ్ పిన్ కొన్ని వేలు చేసినా నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

విలువ తెలుసుకోవాలంటే ఈబేలో అమ్ముడైన ధరలు చూడండి. అమ్మేవాడు పెట్టిన ధర అతని ఆశ మాత్రమే. అమ్ముడైన వాటిని వేరుగా చూపించే ఫిల్టర్ ఉంటుంది. రెండు నిమిషాల పని, బేరానికి ముందే ఫోన్‌లో చూసేయొచ్చు. ఎదుటివాళ్లకి కోపం రాదు, వాళ్లూ అదే చేస్తారు.

కొత్తవాళ్లనీ పిల్లలనీ మాటలతో మభ్యపెట్టి మంచి పిన్ లాగేసుకునేవాళ్లకి ట్రేడర్లలో షార్క్ అని పేరు. గుర్తుపట్టడం తేలిక: తొందరపెడతారు. "ఇప్పుడే ఇస్తే ఇస్తా, తర్వాత ఉండదు" అంటారు. "ఆలోచించుకుని వస్తాను" అనండి. మంచి ట్రేడరైతే నవ్వి సరే అంటాడు, కావాలంటే తన బ్యాగులోని పిన్ తిప్పి వెనక కూడా చూపిస్తాడు. మీ వైపు నుంచి కూడా ఒక మర్యాద ఉంది. మీ దగ్గర నకిలీ ఉందని తెలిస్తే, దాన్ని ఇంకో సందర్శకుడికి అసలుదని ఇవ్వకండి. బోర్డు మీద కూడా పెట్టకండి. పక్కన పడేయండి, పోయేదేమీ లేదు.

నడిచేటప్పుడు చిన్న జాగ్రత్తలు

పట్టీ నిండా పిన్నులు గుచ్చుకుంటే మధ్యాహ్నానికి మెడ నొప్పి మొదలవుతుంది. పదికి మించొద్దు. రోలర్ కోస్టర్ ఎక్కేముందు పట్టీ తీసి జిప్పున్న బ్యాగులో పెట్టండి. పిన్నులతో వచ్చే మిక్కీ ఆకారపు రబ్బరు బిళ్లలు తీయడం, పెట్టడం సులువే, కానీ అంతే సులువుగా ఊడిపోతాయి కూడా. ఉంచుకునే పిన్నులని బయట పెట్టుకోవాలనిపిస్తే లాకింగ్ బిళ్లలు వాడండి. చిన్న ఆరు పలకల తాళంచెవితో (అలెన్ కీ) స్క్రూ బిగించే రకం అది. మార్పిడి పిన్నులకి మాత్రం ఇవి వేయకండి. కాస్ట్ మెంబర్ ఎదురుగా నిలబడి, వెనక క్యూ చూస్తూ, చెమట పట్టిన వేళ్లతో ఆ స్క్రూ విప్పాలంటే చిరాకొస్తుంది.

ఇంటికొచ్చాక

కార్క్ బోర్డు మీద గుచ్చి గోడకి తగిలించడం అందరూ చేసేదే, చూడటానికి బాగుంటుంది. ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి. ఎక్కువైపోతే గుడ్డ పేజీలున్న పిన్ బుక్ తీసుకోండి. పేజీకీ పేజీకీ మధ్య పలుచటి ఫోమ్ షీట్ పెట్టకపోతే ఒక పేజీ వెనకున్న సూదులు తర్వాతి పేజీ పిన్నుల ముఖం గీకేస్తాయి. ప్లాస్టిక్ పేజీలు కొంటే పీవీసీ లేనివే కొనండి. మెత్తని పీవీసీ ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే పిన్ మీద జిడ్డు పొర కట్టి, పూత పాడవుతుంది. దుమ్ము పడితే పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. నీళ్లలో ముంచొద్దు, పాలిష్ రాయొద్దు.

ప్రతి పిన్‌కీ ముందూ వెనకా ఒక్కో ఫోటో తీసి ఫోన్‌లో ఒక ఆల్బమ్‌లో పెట్టుకోండి. తర్వాతిసారి బోర్డు ముందు నిలబడినప్పుడు "ఇది నా దగ్గరుందా, లేదా?" అన్న టెన్షన్ ఉండదు. సెట్‌లో ఏది తక్కువో కూడా వెంటనే తెలుస్తుంది. రెండేసి ఉన్నవి ఆ ఆల్బమ్‌లోనే వేరు చేసిపెట్టుకుంటే వచ్చే ట్రిప్పుకి మార్పిడి కుప్ప సగం సిద్ధమైనట్టే.